బంతి అటువైపు ఉన్నప్పుడు కీపర్ ఏం చేస్తుంది?

(విశాఖపట్నంలో ఒక మహిళా కళాశాల క్రీడా వేడుకల సాయంత్రం చేసిన ప్రసంగం. చెప్పింది చెప్పినట్టుగా, కొద్దిపాటి సవరణలతో.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం కిందకి దించండి బాబూ. పొడుగు తక్కువ అనేది నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న సమస్యే. ఈ ఎత్తుతోనే నేను గోల్ కీపర్‌గా ఆడానంటే మా మనవరాలు ఇప్పటికీ నమ్మదు.

నన్ను పిలిచినవాళ్లు ‘మహిళలు, క్రీడలు, సాధికారత’ అని విషయం ఇచ్చారు. అంత పెద్ద మాటలు నాకు చేతకావు. నాకు తెలిసింది గోల్ పోస్టు. దాని గురించి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

పోయిన వేసవిలో ఒకమ్మాయి నా దగ్గరికి ఆట నేర్చుకోవడానికి వచ్చింది. జాలరిపేట గుంట, పన్నెండేళ్లుంటాయి. బీచ్ ఇసకలో తెగ డైవ్‌లు కొడుతుంది, ఒక్క దెబ్బకీ ఏడవదు. మొదటి మ్యాచ్‌లో గోల్‌లో నిలబెట్టాను. మనవాళ్లు అటువైపే ఆడుతున్నారు, ఈమె దగ్గరికి బంతి రావట్లేదు. ఇరవై నిమిషాలయ్యాక అక్కణ్నుంచే గట్టిగా అరిచింది: “మేడమ్, బంతి అటే ఉంది కదా, నేనేటి సెయ్యాలి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లుగా కీపర్లకి ఎలా ఎగరాలో, ఎలా పడాలో, బంతిని ఎలా గుండెకి హత్తుకోవాలో నేర్పాను. ఖాళీగా ఎలా నిలబడాలో ఒక్కరికీ నేర్పలేదు. తొంభై నిమిషాల మ్యాచ్‌లో కీపర్ చేతికి బంతి వచ్చేది ఎంతసేపు? అన్నీ కలిపి చూస్తే కొద్ది నిమిషాలే. మిగతాదంతా ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే.

దానికి జవాబుగా ముగ్గురు నలుగురు ఆడవాళ్ల కథ చెబుతాను. ఎక్కువగా ఒకావిడ గురించే. పేరు బ్రియానా స్కర్రీ. అమెరికా కీపర్. 1971లో పుట్టింది, మిన్నెసోటా రాష్ట్రంలో పెరిగింది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో అమ్మాయిలకి జట్టు లేదు. మగపిల్లల జట్టులో చేరితే కోచ్ ఆలోచించి ఆమెని గోల్‌లో నిలబెట్టాడు. ఎందుకంటే అమ్మాయికి దెబ్బలు తగలకుండా ఉండే చోటు అదేనట! ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

మన దగ్గరా అంతే కదా. నేను డిగ్రీ చదివే రోజుల్లో అమ్మాయిల ఫుట్‌బాల్‌కి పదకొండు మంది దొరకడమే గగనం. ఖోఖో నుంచి నలుగుర్ని, హ్యాండ్‌బాల్ నుంచి ముగ్గుర్ని బతిమాలి తెచ్చేవారు. “దీనికి పరుగు రాదు, గోల్‌లో పడేయండి” అన్నారు. అలా కీపర్ అయ్యాను. మా గ్రౌండ్‌లో గోల్ పోస్టులున్నాయి గానీ నెట్ లేదు. నెట్ లేకపోతే ఏమవుతుందో తెలుసా? గోల్ పడితే బంతి వెనక ప్రహరీ దాటి రోడ్డు మీదకి పోతుంది. దాన్ని తెచ్చేదెవరు? కీపరే! గోల్ ఇచ్చినందుకు ఒక శిక్ష, బంతి కోసం గోడ దూకడం రెండో శిక్ష. అవతల సైకిళ్ల మీద పోయేవాళ్లు “ఎన్ని పడ్డాయమ్మా?” అని అడిగేవారు.

సరే, స్కర్రీ దగ్గరికి వద్దాం. 1996 అట్లాంటా ఒలింపిక్స్. ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ని ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదలు. స్వర్ణం గెలిస్తే ఒక పని చేస్తానని ఆమె ముందే పందెం వేసింది. గెలిచారు. మాట తప్పకుండా ఆ రాత్రి ఆ పనీ చేసింది. అదేమిటన్నది, వేదిక మీద పెద్దలున్నారు కాబట్టి నేను చెప్పను. మీ అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఇంటికెళ్లి వెతుక్కోండి. (నవ్వులు)

తర్వాత 1999 జూలై 10. పసడేనాలో రోజ్ బౌల్ స్టేడియం, ప్రపంచ కప్ ఫైనల్, అమెరికా, చైనా. చూడ్డానికి వచ్చిన జనం 90,185 మంది. మన పోతినమల్లయ్యపాలెం క్రికెట్ స్టేడియం నిండితే ఎంత గోలగా ఉంటుందో మీకు తెలుసు. అలాంటివి మూడు కలిపి ఒకచోట పోసినట్టు. పైన మండుటెండ. తొంభై నిమిషాలు ఆడారు, గోల్ లేదు. అదనపు సమయం పెట్టారు. అప్పటి రూలు ప్రకారం అందులో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే కప్పు, ఆట అక్కడితో సరి. చైనా కార్నర్ కొట్టింది, అంటే మైదానం మూల నుంచి గోల్ ముందుకి బంతి వేసింది. ఒకమ్మాయి తలతో కొట్టిన బంతి స్కర్రీని దాటేసింది. కప్పు పోయినట్టే. కానీ గోల్ లైన్ మీద అమెరికా అమ్మాయి క్రిస్టీన్ లిల్లీ ఉంది, తలతోనే బయటికి కొట్టేసింది. ఫైనల్ అనగానే జనానికి గుర్తొచ్చేది ఇది కాదు గానీ, నేను ఆ వీడియో చూసినప్పుడల్లా ఇక్కడే ఆపుతాను. కీపర్ ఓడిపోయిన క్షణం అది. ఆమె ఓటమిని ఇంకొకరు మోశారు. కాసేపు తిరిగేసరికి ఆమే హీరో అయింది.

120 నిమిషాలైనా 0-0. ఇక పెనాల్టీలు, జట్టుకి ఐదేసి.

పెనాల్టీ అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పనివ్వండి, టీవీలో చూస్తే దాని కొలత తెలియదు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, అంటే 24 అడుగులు. ఎత్తు 8 అడుగులు. మీ హాస్టల్ గదులు రెండు పక్కపక్కన పెడితే ఎంతో అంత. కొట్టేవాళ్లు నిలబడేది 11 మీటర్ల దూరంలో. కాలికి తగిలిన బంతి అరసెకను లోపే మన దగ్గరుంటుంది. బంతి ఎటొస్తుందో చూసి, అప్పుడు ఎగురుదామనుకుంటే అయిపోయినట్టే, వెళ్లి గోడ దూకి తెచ్చుకోవడమే. అందుకని కొట్టకముందే చదవాలి. నడక చదవాలి, తుంటి ఎటు తిరిగిందో చూడాలి, ఆనించిన కాలి వేలు ఎటు చూపిస్తోందో చూడాలి.

స్కర్రీకి ఒక అలవాటుంది. కొట్టడానికి వచ్చేవాళ్ల మొహం చూడదు. తన గోల్, తన లైను, అంతే. చైనా నుంచి మొదటి ఇద్దరూ కొట్టారు, అమెరికా నుంచి ఇద్దరూ కొట్టారు. మూడో ఆమె లియు యింగ్ నడిచి వస్తోంది. ఎందుకో స్కర్రీ తలెత్తి చూసింది. భుజాలు, నడక చూడగానే ఇది నాదే అనిపించిందని తర్వాత చెప్పింది. ఎడమవైపు ఎగిరింది, రెండు చేతులూ చాచి బంతిని తోసేసింది. తర్వాత ఎవరూ తప్పలేదు. ఐదోది బ్రాండీ చాస్టేన్ కొట్టింది, 5-4. జెర్సీ తీసి మోకాళ్ల మీద కూర్చున్న చాస్టేన్ ఫోటో ప్రపంచమంతా చూసింది. బంతి ఆపినావిడ ఫోటో ఎంతమంది చూశారు? కీపర్లకి ఇది మామూలే, వదిలేయండి.

ఇంకో సంగతి. ఆ బంతిని ఆపే ముందు స్కర్రీ లైను వదిలి ముందుకొచ్చేసింది. వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటి రూలు ప్రకారం కొట్టేదాకా లైను మీదే ఉండాలి, పక్కలకి కదలొచ్చు గానీ ముందుకి రాకూడదు. రిఫరీ ఊరుకుంది. పెద్ద గొడవైంది. ముందుకొచ్చిన మాట నిజమేనని స్కర్రీ కూడా దాచలేదు. మీరేమంటారు, మోసమా? నన్నడిగితే, నేనూ వచ్చేదాన్నే. రెండడుగులు ముందుకొస్తే గోల్ చిన్నదవుతుంది, కొట్టేవాళ్లకి కనిపించే ఖాళీ తగ్గిపోతుంది. పట్టుకునే పని రిఫరీది, ఆపే పని నాది. పిల్లల ముందు ఇలా చెప్పకూడదేమో, కానీ అబద్ధం చెప్పడం అంతకన్నా తప్పు. 2019లో రూలు మార్చారు. ఇప్పుడు బంతి తన్నే క్షణానికి కనీసం ఒక పాదం లైను మీద ఉంటే చాలు. అయితే అదే ఏడు ఫ్రాన్స్‌లో జరిగిన మహిళల ప్రపంచ కప్‌లో వీడియో రిఫరీలు అరచెయ్యంత తేడానీ పట్టుకోవడం మొదలెట్టారు. కీపర్లు లబోదిబోమన్నారు.

ఇక్కడిదాకా విజయగాథ. మామూలుగా ప్రసంగాలు ఇక్కడ ఆపేసి చప్పట్లు కొట్టించుకుంటారు. అసలు ఉద్యోగం దీని తర్వాతే ఉంది.

మరుసటి ఏడాది, 2000 సిడ్నీ ఒలింపిక్స్. ప్రపంచ కప్ తెచ్చిపెట్టిన కీపర్ బెంచి మీద కూర్చుంది. గాయాలు, ఫిట్‌నెస్ తగ్గడం, ఈలోగా సిరి మలినిక్స్ అనే అమ్మాయి బాగా ఆడటం. జట్టులో మిగతావాళ్లకైతే సందు దొరుకుతుంది. ముందుండేవాళ్లు ముగ్గురు, మధ్యలో నలుగురు. చివరి పది నిమిషాలకైనా దింపుతారు. కీపర్ చోటు మాత్రం ఒక్కటే. ముందున్నావిడకి దెబ్బ తగలాలి, లేదా ఫామ్ పోవాలి, అప్పుడుగానీ మనకి పిలుపు రాదు. పైగా ఆమె మన స్నేహితురాలు. రోజూ ఆమెకి బంతులు కొట్టి వార్మప్ చేయించేది మనమే. ఆమె బాగుండాలని కోరుకోవాలి, లోపల ఇంకోటి అనిపిస్తే అదీ దాచుకోవాలి. ఈ బెంచి టెన్షన్ ఆడినవాళ్లకే తెలుస్తుంది. స్కర్రీ ఒళ్లు వంచి మళ్లీ మొదలుపెట్టింది. 2003 ప్రపంచ కప్‌కి మళ్లీ ఆమే కీపర్, 2004 ఏథెన్స్‌లో రెండో ఒలింపిక్ స్వర్ణం.

వేచి ఉండటం గురించైతే నాడీన్ ఆంగెరర్‌ని తలుచుకోకుండా కుదరదు. జర్మనీ. 1996లోనే జాతీయ జట్టుకి ఆడింది. కానీ ముందు సిల్కే రాటెన్‌బెర్గ్ ఉంది, కొండలా. 2003లో జర్మనీ ప్రపంచ కప్ గెలిచినప్పుడూ ఆంగెరర్ బెంచి మీదే. 2007లో రాటెన్‌బెర్గ్‌కి గాయమైతే చోటు దొరికింది. పదకొండేళ్లు! మన ఇళ్లలో పదకొండు నెలలు పరీక్ష రాసి ఉద్యోగం రాకపోతే సంబంధాలు చూడటం మొదలెడతారు.

చోటు దొరికాక ఏం చేసింది? ఆ ప్రపంచ కప్ మొత్తం మీద ఒక్క గోల్ ఇవ్వలేదు. ఆరు మ్యాచ్‌లు, 540 నిమిషాలు, సున్నా. మగవాళ్ల ప్రపంచ కప్‌లో ఇటలీ కీపర్ జెంగా 1990లో పెట్టిన 517 నిమిషాల రికార్డు కన్నా ఎక్కువ. ఫైనల్లో బ్రెజిల్ మార్తా కొట్టిన పెనాల్టీ ఆపింది. 2013లో యూరో ఫైనల్, నార్వే మీద, ఒకే మ్యాచ్‌లో రెండు పెనాల్టీలు ఆపింది. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే. ఆ అవార్డు ఒక కీపర్‌కి రావడం, ఆడామగా కలిపి చూసినా, అదే మొదటిసారి.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ పెనాల్టీ సంగతి కాదు. ఆ 2007 ప్రపంచ కప్ మొదటి మ్యాచ్‌లో జర్మనీ అర్జెంటీనాని 11-0తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో ఆంగెరర్ ఏం చేసుంటుంది? మా జాలరిపేట గుంట ప్రశ్నే. తనవాళ్లు ఆరో గోల్ కొట్టాక, ఏడో గోల్ కొట్టాక మనసు బీచ్‌కి పోతుంది. ఆమె మనసు పోనివ్వలేదు. మంచి కీపర్‌ని ఖాళీగా ఉన్నప్పుడు చూడండి. బంతి అవతలి గోల్ దగ్గరుంటే ఈమె పెనాల్టీ బాక్స్ అంచు దాకా వచ్చేస్తుంది. బంతి వెనక్కి వస్తుంటే అంతకంతా తనూ వెనక్కి జరుగుతుంది. కుడికి పోతే ఒకటిన్నర అడుగు కుడికి. బంతికీ ఆమెకీ మధ్య కనపడని తాడు కట్టినట్టుంటుంది. నోరు ఆగదు. “రెండో నంబర్ ఖాళీగా ఉంది, కాయి”, “వెనకొస్తోంది చూడు”, “నాది, వదిలెయ్”. మైదానం మొత్తం ఎదురుగా కనిపించేది ఆమె ఒక్కదానికే మరి. అలా వంద సార్లు జరిగితే తొంభై ఎనిమిది సార్లు బంతి రాదు. అదే ఉద్యోగం.

అదే 2007 ప్రపంచ కప్‌లో స్కర్రీకి ఏం జరిగిందో కూడా చెప్పాలి. అప్పటికి అమెరికా కీపర్ హోప్ సోలో. వరసగా మూడు మ్యాచ్‌ల్లో గోల్ ఇవ్వలేదు. సెమీఫైనల్ బ్రెజిల్‌తో. గతంలో బ్రెజిల్ మీద స్కర్రీ బాగా ఆడిందని కోచ్ సోలోని పక్కనపెట్టి, కొన్ని నెలలుగా పూర్తి మ్యాచ్ ఆడని స్కర్రీని దింపాడు. 4-0తో ఓడిపోయారు. ఒకటి సొంత గోల్, ఒకమ్మాయి రెడ్ కార్డుతో బయటికి, మార్తా ఆ రోజు ఆడింది మామూలు మనిషి ఆట కాదు. సోలో కెమెరాల ముందుకొచ్చి, నేనైతే ఆపేదాన్నని అనేసింది. జట్టు ఆమెని మూడో స్థానం మ్యాచ్‌కి దూరం పెట్టింది. ఎవరిది తప్పు? నా వోటు కోచ్‌కి. నడుస్తున్న కీపర్‌ని సెమీఫైనల్ ముందు మార్చడమంటే పెళ్లి పీటల మీద పురోహితుణ్ని మార్చడమే. స్కర్రీ పిలిస్తే వచ్చింది, నిలబడింది, అంతే ఆమె చేసింది.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. దెబ్బలు తగలని చోటు.

2010 ఏప్రిల్ 25. అమెరికా లీగ్‌లో వాషింగ్టన్ ఫ్రీడమ్ తరఫున ఆడుతోంది. కింద దొర్లుతూ వస్తున్న బంతిని అందుకోవడానికి ముందుకి వంగింది. పక్కనుంచి పరుగెత్తుకొచ్చిన ఫార్వర్డ్ మోకాలు కణతకి తగిలింది. బంతి మాత్రం చేతుల్లోనే ఉంది. లేచింది, హాఫ్ టైం దాకా ఆడింది. అమెరికా తరఫున 173 మ్యాచ్‌లు ఆడిన మనిషికి అదే ఆఖరి ఆట.

బయటికి రక్తం లేదు, కట్టు లేదు. తలనొప్పి. వెలుతురు చూడలేకపోవడం. నడిస్తే తూలడం. చదివింది గుర్తుండకపోవడం. నెలలు గడిచాయి, సంవత్సరాలు గడిచాయి. బాగానే కనిపిస్తున్నావు కదా అనేవాళ్లే అందరూ. వైద్యం ఖర్చుల కోసం ఇన్సూరెన్స్‌తో పోరాటం. చచ్చిపోదామనుకున్న రోజు కూడా ఉందని ఆమే చెప్పింది. చివరికి రెండు ఒలింపిక్ స్వర్ణ పతకాలూ తాకట్టు పెట్టింది. 18,000 డాలర్లకి.

తాకట్టు అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ హాల్లో ఉన్న అమ్మల్లో గాజులు తాకట్టు పెట్టని వాళ్లెంతమంది? పిల్లల ఫీజుకో, ఆపరేషన్‌కో. కౌంటర్ అవతలాయన త్రాసులో వేసి గ్రాములు చెబుతాడు. ఆ గాజులు మీ అమ్మ పెట్టినవా, అత్తగారు పెట్టినవా ఆయనకి అనవసరం. ఒలింపిక్ పతకం కూడా ఇలా ఒక కౌంటర్ మీదకి వెళ్లిందంటే మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. 2013లో తల వెనక నరాలకి ఆపరేషన్ జరిగింది, నొప్పి తగ్గింది. పతకాలు విడిపించుకుంది. 2014లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు కూర్చుని, తలకి దెబ్బ తగిలితే ఏమవుతుందో తన మాటల్లో చెప్పింది. 2017లో అక్కడి నేషనల్ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికైంది. మహిళా కీపర్లలో మొదటావిడ, నల్లజాతి మహిళల్లోనూ మొదటావిడ.

నా సొంత గొడవ ఒకటి చెబుతాను. యూనివర్సిటీ జట్టుకి ఆడేటప్పుడు బయటి ఊళ్లో ఒక మ్యాచ్. కార్నర్ బంతికి ఎగిరి, దిగేటప్పుడు తల ఇనప పోస్టుకి కొట్టుకుంది. లేచాను. మాతో వచ్చిన మాస్టారు నీళ్లు జల్లి, “ఏం కాలేదు, ఆడు” అన్నారు. ఆడాను. రెండో సగంలో మూడు గోల్స్ ఆపానట. ‘అట’ అంటున్నాను, ఎందుకంటే నాకు గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తు లేదు. తిరుగు రైల్లో రెండుసార్లు వాంతి చేసుకుంటే “పులిహోర పడలేదు” అన్నారు. మాస్టారిది దుర్మార్గం కాదు, ఆయనకి తెలియదు. నాకూ తెలియదు. స్కర్రీ గురించి చదివినప్పుడు, పాతికేళ్ల తర్వాత, ఆ పులిహోర నిర్దోషి అని అర్థమైంది.

మనవాళ్ల సంగతి కాస్త. అదితి చౌహాన్ అనే కీపర్ ఇంగ్లండ్‌లో చదువుకుంటూ 2015లో వెస్ట్ హామ్ మహిళల జట్టుకి ఆడింది. మొదటి మ్యాచ్‌లోనే ఐదు గోల్స్ పడ్డాయి. అయినా ఆగలేదు. తిరిగొచ్చి గోకులం కేరళ జట్టుతో జాతీయ లీగ్ గెలిచింది. 2025 జూలైలో ఆట చాలించింది. సరిగ్గా అదే నెలలో మన జట్టు థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించింది, గోల్‌లో మణిపూర్ అమ్మాయి పంథోయ్ చాను. తెలుగువాళ్లలో నిజామాబాద్ సౌమ్య గుగులోతు జాతీయ జట్టుకి ఆడింది, ఆమె ఫార్వర్డ్. మన విశాఖ నుంచి కీపర్ ఎప్పుడొస్తుందో చూడాలి. 2025 అక్టోబర్‌లో మన క్రికెట్ స్టేడియంలో మిథాలీ రాజ్ పేరు ఒక స్టాండ్‌కి, వికెట్ కీపర్ రావి కల్పన పేరు ఒక గేటుకి పెట్టారు. కీపర్‌కి గేటు ఇచ్చారని మా ఇంట్లో నేనొక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇప్పుడు నా దగ్గర ఒక్కటే నియమం. తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట బంద్. బాగానే ఉన్నానన్నా బంద్, ఏడ్చినా బంద్, ఫైనలైనా బంద్. తర్వాత డాక్టర్ చూసి సరేనంటేనే గ్రౌండ్‌లోకి. దీని మీద తల్లిదండ్రులు నాతో పోట్లాడారు. ఒక తండ్రి “మా పిల్లకి లేని నొప్పి మీకెందుకు మేడమ్?” అన్నాడు. పోట్లాడనివ్వండి.

పోయిన నెల ఇది జాలరిపేట గుంటకే వచ్చింది. మ్యాచ్ పదిహేనో నిమిషంలో అవతలి అమ్మాయి మోచెయ్యి చెవి పైన తగిలింది. బయటికి పిలిచేశాను. గ్లౌజులు నేలకేసి కొట్టింది. పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లు తిరుగుతున్నాయా, వాంతి వస్తోందా అని ఐదు నిమిషాలకోసారి అడుగుతున్నాను. మొహం ముడుచుకుని కూర్చుంది. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న. “ఇక్కడ కూర్చుని నేనేటి సెయ్యాలి మేడమ్?”

వాళ్ల కీపర్ ఎక్కడ నిలబడుతోందో చూసి చెప్పమన్నాను. పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత నా మోచెయ్యి పట్టి లాగింది. “మేడమ్, ఆ గుంట కార్నర్ కొట్టకముందే ఒక అడుగు బయటికొచ్చేస్తంది. ఎనక్కాల ఖాళీ.” చూశాను, నిజమే. నేను గమనించలేదు. హాఫ్ టైంలో తనే లేచి వెళ్లి మనవాళ్లకి చెప్పింది.

వాళ్లు వినలేదు. 2-0తో ఓడిపోయాం.